మంగళవారం వచ్చిన మనిషి

నా టోపీ చూడ్డానికి ఇప్పటికీ ఎవరో ఒకరు వస్తుంటారు. నీలం వెల్వెట్ టోపీ, అంచుకి వెండి జరీ, పైన కుచ్చు. స్కాట్లండ్ తరఫున ఆడినవాడికి ఇస్తారు. నేను ఒకే ఒక్కసారి ఆడాను, 1912లో, ఐర్లండ్ మీద. వచ్చినవాళ్లు దాన్ని చేతుల్లోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఒకసారి పెట్టుకుని చూపించు ఈబెన్" అంటారు. పెట్టుకోను. మా ఆవిడ ఫీమీ దాన్ని పొయ్యి పైన అరలో, టీ డబ్బా పక్కన పెట్టింది. దుమ్ము దులిపేది కూడా ఆవిడే. అది నా నెత్తి మీదకి ఎలా వచ్చిందని మాత్రం ఎవరూ అడగరు. అడక్కపోయినా ఇప్పుడు చెబుతున్నాను, ఎందుకంటే చెప్పకూడదన్న మనిషి పోయింది.

మా ఊరు ఆకెన్లీ. బొగ్గు బాయి, బాయి యజమాని కట్టించిన నాలుగు వరసల ఇళ్లు, ఒక చర్చి, రెండు పబ్బులు, గడ్డి కన్నా బురద ఎక్కువున్న ఒక మైదానం. అంతే ఊరు. మా వరసలో పందొమ్మిదో నంబరు ఇల్లు మాది. ఆరో నంబరు గేవిన్ హాడోది. గేవిన్, నేను ఒకే ఏడాది పుట్టాం, ఒకే రోజు బాయిలో దిగాం, ఒకే చోట బొగ్గు కొట్టాం. బాయి లోపల ఇద్దరిద్దరు జతగా పనిచేస్తారు. జతగాడంటే పక్కన నిలబడి పని చేసేవాడొక్కడే కాదు. నువ్వు పడుకుని బొగ్గు కింద తొలుస్తున్నప్పుడు పైకప్పు చప్పుడు వినేవాడు. అతని చెవుల మీద నీ ప్రాణం ఉంటుంది. అందుకే మా వైపు పెళ్లాన్ని చూసుకునే ముందు ఎంత ఆలోచిస్తారో, జతగాణ్ణి చూసుకునే ముందు అంతకంటే ఎక్కువ ఆలోచిస్తారు.

శనివారాలు ఆకెన్లీ జట్టులో కూడా ఇద్దరం పక్కపక్కనే. గేవిన్ నడిమి వరసలో ఎడమ వైపు, నేను అతని వెనకాల. నేను బాగానే ఆడేవాణ్ణి. అబద్ధం ఎందుకు, చాలా బాగా ఆడేవాణ్ణి. కాని గేవిన్ ఆడుతుంటే చూడ్డం వేరు. అతని ఎడమ కాలికి బంతి తగిలితే, అది ఎక్కడికి పోవాలో ముందే చెప్పి పంపినట్టు పోయేది.

అంత మంచి ఆటగాడు ఊళ్లో ఉంటే పెద్ద క్లబ్బుల వాళ్లు ఊరుకోరు కదా. గ్లాస్గో నుంచీ, ఇంగ్లండ్ నుంచీ కూడా మనుషులు వచ్చేవాళ్లు, గుండ్రటి టోపీలు పెట్టుకుని. ఆ టోపీ కనబడగానే ఊరంతా ఒక్కటయ్యేది. ఎవరి గురించి అడిగినా సరైన ఇల్లు చెప్పకూడదు. ఇది ఎవరూ రాయని కట్టుబాటు, అందరూ పాటించే కట్టుబాటు. మా జట్టు మేలిరకం ఆటగాళ్లని ఎవడో వచ్చి ఏరుకుపోతే మాకు మిగిలేదేమిటి? ఒకాయన్ని నేరుగా పాస్టరుగారింటికి పంపారు. ఒకాయన్ని స్మశానానికి పంపి, "ఆ మూల రాయి కింద ఉంటాడు, గట్టిగా పిలవండి" అన్నారు. మరీ మొండికేసిన ఇంకొకాయన గుర్రాల నీళ్ల తొట్టిలో తేలాడు. దానికి ఊరంతా వారం రోజులు నవ్వుకుంది.

1908 మార్చిలో, ఒక శనివారం, క్రెయిగ్‌బర్న్ జట్టుతో మ్యాచి. పొద్దున్నుంచీ ఒకటే వాన. సగం ఆట అయ్యేసరికి ఎవరు ఏ జట్టో తెలియనంత బురద. చివర్లో ఒకణ్ణి అడ్డుకోబోయి నేను బోర్లా పడ్డాను. లేచే లోపే గేవిన్ ఆ బంతిని అందుకున్నాడు. మైదానం సరిగ్గా మధ్యలో ఉన్నాడు. తలెత్తి ఒక్కసారి చూశాడు. అవతలి గోల్‌కీపర్ నాలుగడుగులు ముందుకొచ్చి నిలబడి ఉన్నాడు. గేవిన్ అక్కణ్ణుంచే కొట్టాడు. నేను బురదలో పడి ఉండి చూశాను. బంతి నా మీదుగానే పోయింది. నేరుగా వలలో పడింది.

ఆ మంగళవారం బాయి నుంచి వచ్చి, పొయ్యి ముందు తొట్టిలో కూర్చుని ఒళ్లు రుద్దుకుంటున్నాను. తలుపు కొట్టారు. మా అమ్మ తీసింది. సన్నటి మనిషి, దగ్గు, చేతిలో గుండ్రటి టోపీ.

"కెల్విన్‌బ్యాంక్ క్లబ్బు నుంచి వస్తున్నానమ్మా. నా పేరు డ్రైస్‌డేల్. ఎడమ వైపు ఆడే కుర్రాడు ఉండేది ఇక్కడే కదూ? వరస మొదట్లో బట్టలుతుకుతున్నావిడ పందొమ్మిదని చెప్పింది."

మా అమ్మకి ఫుట్‌బాలంటే ఉతకాల్సిన బట్టలు, అంతే. "ఎడమో కుడో, ఆడేవాడైతే అడుగో, తొట్టిలో ఉన్నాడు" అని బకెట్ తీసుకుని నీళ్లకి పోయింది.

ఆయన కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. శనివారం నన్ను చూసినప్పుడు నెత్తి నుంచి కాళ్ల దాకా బురద. ఇప్పుడు చూస్తే బొగ్గు. పాపం, ఆయన తప్పేముంది.

"ఏమయ్యా," అన్నాడు, "ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లన్నీ తిరుగుతున్నాను. శనివారం మైదానం మధ్య నుంచి నువ్వా బంతి కొట్టాక, ఇంటికెళ్లి మా ఆవిడతో చెప్పాను, ఇక నేను తిరగడం మానేసినా ఫరవాలేదే అని. దేనికోసం తిరిగానో అది చూసేశాను అని."

నా కళ్లలో సబ్బుంది. నోట్లో లేదు. "అది నేను కాదండీ, ఆరో నంబరుకి వెళ్లండి" అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను ఊరుకున్నాను. ఆయన కాగితం తీశాడు. తడి చేత్తోనే సంతకం పెట్టాను. అంచున నా బొటనవేలి నలుపు పడింది.

ఆయన పోయాక ఆలోచించాను. వరస మొదట్లో బట్టలుతుకుతున్నావిడ ఎవరు? మా వరసలో ఆరేసి ఇళ్లకి ఒక ఉతుకుడు కొట్టం. ఆరిళ్లకి ఆరు రోజులు. ఒకరి రోజున ఇంకొకరు లోపల అడుగు పెడితే జుట్లు పట్టుకునేవాళ్లు. రోడ్డు నుంచి వచ్చే దారి మొదట్లో ఉన్న కొట్టంలో మంగళవారం వంతు ఆరో నంబరుది. ఆయన దారి అడిగింది గేవిన్ వాళ్లమ్మని.

గ్రిజెల్ పిన్ని ఇంకా అక్కడే ఉంది, దుప్పటి పిండుతోంది. నన్ను చూసి ఆపలేదు.

"పిన్నీ, ఆయనొచ్చింది గేవిన్ కోసం."

"ఎవరి కోసం వచ్చాడో నాకు తెలీదంట్రా? గుండ్రటి టోపీ వాడు అడిగితే ఊళ్లో అందరూ చెప్పేదే నేనూ చెప్పాను. తప్పు దారి చెప్పాను."

"అందరూ నవ్వులాటకి చెబుతారు. నువ్వు..."

"నేనూ నవ్వులాటకే అనుకో." దుప్పటి కొస నా చేతిలో పెట్టింది. "పట్టుకో, మెలితిప్పు. చూడు ఈబెన్. మీ ఇంట్లో బాయికెళ్లే మగాళ్లు ముగ్గురు. నువ్వు పోయినా ఇద్దరుంటారు. నాకు వాడొక్కడే. వాడు బాయి మానేసిన రోజున కంపెనీ వాళ్లు నన్ను ఇంట్లోంచి లేవగొడతారు. ఈ ఇంటి కోసమే కదా వాళ్ల నాన్న ఆ బాయిలో పడి చచ్చాడు."

"వాడు నిన్ను గ్లాస్గో తీసుకుపోతాడు కదా పిన్నీ."

"తీసుకుపోతాడు. రెండేళ్లకి కాలు విరుగుతుంది, క్లబ్బు వాళ్లు పొమ్మంటారు. అప్పుడో?" పిండడం ఆపి నా మొహంలోకి చూసింది. "నీకంత బాధగా ఉంటే నువ్వు వెళ్లకు. వెళ్లి వాడితో చెప్పు. నేను అడ్డురాను."

ఆ మాట నన్ను ఇన్నేళ్లూ వదల్లేదు. ఆమె నిజంగానే అడ్డు రాలేదు. నేనే వెళ్లలేదు, ఆరో నంబరుకి. నాకు వెళ్లాలని ఉంది, గ్లాస్గోకి.

రైలెక్కే రోజు నా పెట్టె మోసింది గేవినే. దారంతా నవ్వించాడు. "ఒరేయ్, ఆ పట్నం వాళ్లు రోజూ స్నానం చేస్తారట్రా, నీ గతేం కాను" అన్నాడు. స్టేషన్లో మాత్రం కాస్త తగ్గి, బూటు కొనతో నేల గీస్తూ అడిగాడు.

"ఆయన... ఇంకెవరి గురించైనా అడిగాడా?"

"లేదురా," అన్నాను.

"అంతేలే," అన్నాడు, పెట్టె అందించి.

కెల్విన్‌బ్యాంక్‌లో మొదటి రోజే డ్రైస్‌డేల్ నా ఎడమ కాలు చూసి నుదురు చిట్లించాడు. నేను వెనక వరసలో బాగా ఆడతానన్నాను, అక్కడ ఆడించారు, అక్కడ నిలబడిపోయాను. పన్నెండేళ్లు. నేను మంచి ఆటగాణ్ణేనని మళ్లీ చెబుతున్నాను, ఎందుకంటే జాలి పడి ఎవరూ పన్నెండేళ్లు జట్టులో ఉంచరు. కాని డ్రైస్‌డేల్ కనబడినప్పుడల్లా నవ్వుతూ, "ఏమయ్యా క్లెలాండ్, ఆ గోలు మళ్లీ ఎప్పుడు వేస్తావు?" అనేవాడు. ఏళ్ల తరబడి అడిగాడు. ఆ తర్వాత అడగడం మానేశాడు. మైదానం మధ్య నుంచి నేను ఒక్క గోలు కూడా వేయలేదు. ఐర్లండ్ మీద ఆడిన రోజు గెలిచాం. నేను చెడగొట్టిందీ లేదు, బాగు చేసిందీ లేదు. ఆ టోపీ చేతిలో పెట్టినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది బురదలో పడి ఉన్న నేనూ, నా మీదుగా పోయిన బంతీ.

అంతకు ముందు ఏడాదే గేవిన్ మీద పైకప్పు రాయి పడింది. నేను పోయాక అతని పక్కన చేరినవాడు ఒక వాగుడుకాయ. బాయిలో మాట్లాడేవాడికి పైకప్పు వినబడదు. మా తమ్ముడు ఉత్తరం రాశాడు. ఇది నేను అల్లిన కథైతే ఎడమ కాలు పోయిందని చెప్పేవాణ్ణి. కాదు, పోయింది కుడి కాలు. మోకాలి దగ్గర నలిగి, వంగకుండా బిగుసుకుపోయింది. ఎడమ కాలికి గీత కూడా పడలేదు. ఏడాది మంచాన ఉండి, లేచి, కుంటుకుంటూ మళ్లీ బాయిలో దిగాడు. నేనొక ఆదివారం చూడ్డానికి వెళ్లాను. నాకు కూర్చోబుద్ధి కాలేదు. గ్రిజెల్ పిన్ని నాకు టీ ఇచ్చింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

యుద్ధం వచ్చింది, పోయింది. వారమంతా ఓడల యార్డులో పని, శనివారం ఆట. 1920లో నా మోకాళ్లు ఇక చాలన్నాయి. బిలియర్డ్స్ హాలు ఒకటి పెట్టి రెండేళ్లలో దాన్ని ముంచాను. ఫీమీని, టోపీని వెంటబెట్టుకుని 1922 శరదృతువులో ఆకెన్లీకి తిరిగొచ్చాను. ముప్పై అయిదేళ్లవాణ్ణి, అరచేతులు మెత్తబడ్డాయి, నాకు తెలిసిన రెండో పని బొగ్గు కొట్టడమే.

బాయిలో పని ఇస్తామన్నారు. జతగాణ్ణి మాత్రం నువ్వే చూసుకోమన్నారు. ఎవరూ రాలేదు. ఎందుకొస్తారు? పన్నెండేళ్లు గడ్డి మీద పరిగెత్తినవాడి చెవుల్ని ఎవడు నమ్ముతాడు? "టోపీ పెట్టుకుని దిగుతావా ఈబెన్, రాయి పడినా కుచ్చు కాపాడుతుంది" అని పబ్బులో ఒకడు అంటే అందరూ పగలబడి నవ్వారు. మూలనుంచి గేవిన్ కర్ర ఊతంతో లేచాడు.

"సోమవారం అయిదింటికల్లా వచ్చెయ్," అన్నాడు నాతో. "ఆలస్యం చేస్తే నీ టీ నేను తాగుతాను."

ఆదివారం సాయంత్రం గ్రిజెల్ పిన్ని మా ఇంటికొచ్చింది. బాగా ముసలిదైపోయింది. ఓట్స్ రొట్టె గుడ్డలో చుట్టి తెచ్చింది. ఫీమీ లోపలికి వెళ్లేదాకా ఆగి, నా చేయి పట్టుకుంది.

"రేపట్నుంచి వాడి పక్కన పనిచేస్తావు. చీకట్లో మనసులో మాటలు బయటికొస్తాయి. నాకు తెలుసు, మా ఆయనా బాయి మనిషే. ఒక్కటి అడుగుతాను ఈబెన్. నేను పోయేదాకా ఆగు. వాడికి నేను తప్ప ఎవరూ లేరు, నాకూ వాడు తప్ప ఎవరూ లేరు."

"చెప్పను పిన్నీ," అన్నాను. అప్పుడు నా ఉద్దేశం కూడా అదే.

ఆ చలికాలం నా జీవితంలో మంచి కాలమంటే ఫీమీకి కోపమొస్తుంది గాని, మంచి కాలమే. మోకాళ్ల నొప్పులు, చేతుల్లో బొబ్బలు, పక్కన గేవిన్. నా చెవులు తొందరగానే తిరిగొచ్చాయి. అతను తొలిచేవాడు, నేను వినేవాణ్ణి. నేను తొలిచేవాణ్ణి, అతను వినేవాడు. కుంటి కాలు చాపుకుని పక్కకి ఒరిగి పనిచేయడం అలవాటు చేసుకున్నాడు. పెళ్లి చేసుకోలేదు. ఫుట్‌బాల్ ఊసు ఎత్తేవాడు కాదు, నేనూ ఎత్తలేదు.

ఫిబ్రవరిలో ఒక రోజు, రొట్టె తినే వేళ. బొగ్గు నింపే టబ్బు బండి మీద దీపం పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. గేవిన్ రొట్టె చుట్టిన పాత పేపరు విప్పి, తింటూ దాన్నే చదువుతున్నాడు. అతనికి అలవాటది. ఉన్నట్టుండి నమలడం ఆపేశాడు.

"డ్రైస్‌డేల్ పోయాడట."

"అవును, పోయిన నెల," అన్నాను.

"ఆయన గురించి రాశారు." దీపం దగ్గరకి జరిగి, ఒక్కో మాట కూడబలుక్కుంటూ చదివాడు. "తన జీవితంలో చూసిన గొప్ప గోలు ఏదంటే, ఆకెన్లీ అనే పల్లెలో, వానలో, మైదానం మధ్య నుంచి ఎడమ కాలితో కొట్టినదని ఆయన తరచూ చెప్పేవారు. ఆ కుర్రాణ్ణి ఆయనే కెల్విన్‌బ్యాంక్‌కి తీసుకొచ్చారు. అతడే తర్వాత స్కాట్లండ్‌కి ఆడిన ఈబెన్ క్లెలాండ్."

పేపరు మడిచి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఎక్కడో నీళ్లు కారుతున్న చప్పుడు.

"ఆ గోలు నువ్వు వేశావా ఈబెన్?"

"లేదు."

"మరి ఆయన ఎవరి కోసం వచ్చాడు?"

పద్నాలుగేళ్లుగా ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. "నీ కోసం," అన్నాను.

నా మాట నాకే పెద్దగా వినబడింది. గేవిన్ దీపం వైపే చూస్తున్నాడు. తర్వాత ప్రశ్న ఏమిటో నాకు తెలుసు, అతను నోరు తెరవకముందే తెలుసు.

"నా కోసం వచ్చినవాడు నీ ఇంటికెలా వచ్చాడు?"

గుడ్డలో చుట్టిన రొట్టె, నా చేయి పట్టుకున్న ముసలి చేయి గుర్తొచ్చాయి. అంతకన్నా ముందు గుర్తొచ్చింది స్టేషను. ఎవరు దారి తప్పించినా, ఆ దారిన పోయింది నేను.

"రోడ్డు మీద నాకే ఎదురయ్యాడు," అన్నాను. "శనివారం గోలు వేసినవాడు ఎవరని అడిగాడు. నేనేనన్నాను. మా ఇంటికి తీసుకుపోయాను."

కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. తర్వాత చాలా మామూలుగా, టైమెంతైందని అడిగినట్టు అడిగాడు.

"ఆ గోలు గురించి ఏమన్నాడు?"

చెప్పాను. ఇరవై రెండేళ్లు తిరిగానన్నాడు. ఇంటికెళ్లి వాళ్లావిడతో, ఇక తిరగడం మానేసినా ఫరవాలేదన్నాడు. దేనికోసం తిరిగాడో అది చూసేశానన్నాడు.

"ఆ మాటలేనా?"

"ఆ మాటలే. ఒక్కటీ మర్చిపోలేదు."

గేవిన్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. దీపం అటు వైపు లేదు. తర్వాత పికాసు అందుకున్నాడు, షిఫ్టు అయ్యేదాకా కొట్టాడు. నేను తొలుస్తున్నప్పుడు ఎప్పటిలాగే పైకప్పు చప్పుడు విన్నాడు, ఒకసారి నా బూటు పట్టుకుని వెనక్కి లాగాడు కూడా. పైకొచ్చాక, పగటి వెలుగు సరిగ్గా మిగలని ఆ సాయంత్రంలో, "సోమవారం నుంచి ఇంకెవర్నైనా చూసుకో" అని చెప్పి వెళ్లిపోయాడు.

మూడేళ్లు మాట్లాడలేదు. ఊరు చిన్నది, వరస ఒకటే. ఎదురుపడితే తల తిప్పుకునేవాడు కాదు, కళ్లు నా మీదుగా పోయేవి. ఎందుకని ఊరు అడిగింది. అతనూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. నా మీద నాకు కోపమొచ్చేది, అప్పుడప్పుడు గ్రిజెల్ పిన్ని మీదా వచ్చేది. తల్లీకొడుకులు ఆదివారం చర్చికి చేయీ చేయీ పట్టుకుని పోతుంటే, నేను చేసిన పాపం ఒకటి, మోస్తున్నవి రెండు అనిపించేది. ఆమె మాత్రం నన్ను చూసి తల వంచేది. కొడుకు ఆమెకేమీ చెప్పలేదని నాకు అర్థమైంది.

ఆమె 1926 మొదట్లో పోయింది. నిద్రలోనే. ఆ మర్నాడు శవపేటికలు చేసే వడ్రంగి మా తలుపు కొట్టి ఒక చీటీ ఇచ్చాడు. నల్ల అంచు చీటీ. మా వైపు శవపేటికకి ఎనిమిది తాళ్లుంటాయి. గుంతలోకి దించేటప్పుడు ఏ తాడు ఎవరు పట్టుకోవాలో ముందే రాసి పంపుతారు. తల దగ్గర ఒకటో తాడు కొడుకుది. దానికి ఎదురుగా, పాదాల దగ్గర రెండో తాడు. అది సొంత తమ్ముడికో, మేనల్లుడికో ఇస్తారు. నా చీటీ మీద గేవిన్ చేతి రాతతో రెండు అని ఉంది.

"పొరపాటు పడ్డాడేమో," అన్నాను.

"అంకెలు వేయడం రాదా అతనికి?" అంది ఫీమీ. "నల్ల టై ఎక్కడుందో వెతుక్కో."

తలవైపు అతను, పాదాలవైపు నేను. ఆ పేటికకి అటు చివరా ఇటు చివరా నిలబడి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం, మూడేళ్లలో మొదటిసారి. నెమ్మదిగా దించాం. చాలా తేలిక మనిషి. తాళ్లు లోపలికి జారవిడిచాక, జనం పబ్బు వైపు నడిచారు. గేవిన్ ఆగాడు, నేనూ ఆగాను.

"మంగళవారం," అన్నాడు. "ఉతుకుడు వంతు మాది."

నేను అరచేతులకి అంటిన మట్టి దులుపుకున్నాను.

"నువ్వు రోడ్డు మీద కలిశానన్నావే ఆయన్ని. ఆయనొచ్చేసరికి నువ్వు తొట్టిలో ఉన్నావని మీ అమ్మ అప్పుడే వరసంతా చెప్పింది. రోడ్డు మీంచి వచ్చినవాడు మా అమ్మని దాటుకుని రావాలి. టోపీ పెట్టుకున్నవాణ్ణి ఎవరని అడక్కుండా వదిలేదా మా అమ్మ?" కర్రతో మట్టిని కొద్దిగా లోపలికి నెట్టాడు. "ఇంకోటి. ఆ రోజు నాకు రెండు గుడ్లు పెట్టింది, రాత్రి భోజనంలోకి. ఆదివారమైతే సగం గుడ్డు. మంగళవారం రెండు! ఎందుకమ్మా అంటే ఊరికే తినరా అంది. ఎదురుగా కూర్చుని నేను తినేదాకా చూసింది. పద్నాలుగేళ్లు అర్థం కాలేదురా అది. బాయిలో నువ్వు రోడ్డు మీద ఎదురయ్యాడని చెప్పావు చూడు, అప్పుడు అర్థమైంది."

"అప్పుడే తెలిసిందా?"

"అక్కడే, టబ్బు దగ్గరే."

"మరి నాతో మాట్లాడ్డం ఎందుకు మానేశావు?"

"నీతో మాట్లాడుతూ ఉంటే, నువ్వు అబద్ధం చెప్పావని తెలిసి కూడా మాట్లాడుతున్నట్టే కదా. దారి తప్పించింది మా అమ్మేనని ఒప్పుకుంటే ఇంటికెళ్లి ఆవిడ చేతి జావ ఎలా తాగను? ఎవరో ఒకరి మీద కోపం పెట్టుకోవాలి. ఆవిడకి డెబ్బై దాటాయి. నువ్వు తట్టుకుంటావు."

ఏదో అనబోయాను. చెయ్యెత్తి ఆపాడు.

"ఆగు. స్టేషన్లో అడిగాను నిన్ను. పెట్టె నా చేతిలో ఉంది. అప్పుడు లేదన్నావు. అది మా అమ్మది కాదు."

"కాదు. అది నాదే."

"ఆఁ. అది నీదే," అన్నాడు. "దాని సంగతి నేనింకా తేల్చుకోలేదు. తేల్చుకుంటానో లేదో కూడా తెలీదు."

గుంత పూడ్చేవాళ్లు పారలు పట్టుకుని దూరంగా నిలబడి ఉన్నారు, మేం ఎప్పుడు కదులుతామా అని. సన్నగా వాన మొదలైంది. గేవిన్ గోడ మీద కూర్చుని కుంటి కాలు ముందుకి చాపాడు. నాకు పక్కన కాస్త చోటు చూపించాడు.

"సరే. ఇప్పుడు చెప్పు, ఆయనేమన్నాడో."

"చెప్పాను కదరా, బాయిలో."

"అప్పుడు సరిగ్గా వినలేదు," అన్నాడు. "మొదట్నుంచి చెప్పు. నువ్వు తొట్టిలో కూర్చున్న దగ్గర్నుంచి."

పక్కన కూర్చున్నాను. మొదట్నుంచి చెప్పాను.